ఒక కవరు, మూడు కాగితాలు

సబ్బు ఫ్యాక్టరీ, వంట గది
జనవరి 9

టీచరమ్మకి,

మీ బావ రాసేది. ముందుగా కంగారు పడకు. నా చేతిరాత చూడగానే ఎవరికో ఏదో అయిందనుకుంటావని తెలుసు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో నేను నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే మరి. ఇక్కడ అందరం క్షేమం.

సంగతేమిటంటే, మా ఫ్యాక్టరీలో కొత్త రూలు పెట్టారు. గంగాళం దగ్గర నిలబడి సబ్బు వండేవాళ్లు రసాయన శాస్త్రంలో ఒక పరీక్ష రాయాలట. నా చదువు సంగతి నీకు తెలియనిది కాదు. పదో తరగతి గట్టెక్కడమే గగనమైంది. ఇరవై రెండేళ్లుగా సబ్బు వండుతున్నాను గానీ పాత మేస్త్రి చెప్పిన కొలత తప్ప ఇంకో ముక్క రాదు. నూనె నాలుగు వందల నలభై కిలోలు, కాస్టిక్ సోడా యాభై నాలుగు కిలోలు. ఎందుకు యాభై నాలుగు అని అడిగితే, ఆయనకి ఆయన మేస్త్రి చెప్పాడట. అంతే.

నువ్వు బళ్లో ఇవే పాఠాలు చెబుతావు కదా. నాకు ఒక్క లెక్క నేర్పితే చాలు. రెండు సరుకులు కలిపినప్పుడు ఏది ఎంత ఖర్చవుతుంది, ఏది ఎంత మిగిలిపోతుంది అన్నది. ముఖ్యంగా మిగిలిపోయేది.

రెండు షరతులు. మీ అక్కకి ఈ సంగతి చెప్పకు. ఉత్తరాలు ఇంటికి కాదు, ఫ్యాక్టరీకే రాయి.

మామయ్యగారి పద్ధతి నాకు గుర్తుంది. తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్లు ఉత్తరాలు తూచిన మనిషి. స్టాంపు ఒక కవరునీ మూడు కాగితాలనీ మోస్తుంది, తక్కువ రాస్తే స్టాంపు దండగ అనేవారు. నా దగ్గర ఒక్క కాగితానికి సరిపడా మాటలే ఉన్నాయి. మిగతా రెండు కాగితాలూ నీకు బాకీ.

మీ బావ


బడి, ప్రయోగశాల గది
జనవరి 17

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం ఎక్కడ దాచుకుని చదవాలో తెలియక ప్రయోగశాలలో ఆమ్లాల బీరువా వెనక నిలబడి చదివాను. మీ పెళ్లినాటికి నేను పదో తరగతి. మోలు, అణుభారం అని గొణుక్కుంటూ తిరుగుతుంటే, "ఈ గోలంతా నీకెందుకు మరదలా, దీంతో అన్నం ఉడుకుతుందా?" అని పందిట్లో అందరి ముందూ నవ్వారు. దేవుడున్నాడు.

సరే, శిష్యరికానికి ఒప్పుకున్నాను. నాన్న లెక్కతోనే మొదలుపెడదాం. ఒక ఉత్తరానికి ఒక కవరు, మూడు కాగితాలు. ఇది తయారీ సూత్రం. ఇందులో బేరాల్లేవు. ఇప్పుడు మీ బల్ల మీద పది కవర్లు, ఇరవై నాలుగు కాగితాలు ఉన్నాయి. ఎన్ని ఉత్తరాలు తయారవుతాయి? ఏది ముందు అయిపోతుంది? ఏది ఎంత మిగులుతుంది?

ఆ ముందు అయిపోయేదాన్ని పుస్తకంలో పరిమిత కారకం అంటారు. పేరు చూసి జడుసుకోకండి. మనం ముందు అయిపోయేది అనే అనుకుందాం. అది అయిపోయిన క్షణాన పని ఆగిపోతుంది. రెండోది కొండంత ఉన్నా చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. ఇంత చెప్పినా మా పిల్లలు ఏం చేస్తారంటే, ఏ కుప్ప చిన్నగా కనిపిస్తే అదే ముందు అయిపోతుందని రాసేస్తారు. కుప్ప చూడకూడదు. ఒక్కో ఉత్తరానికి ఎన్ని కావాలో చూడాలి.

అక్క నవంబరు నుంచి నాకు ఒక్క ముక్క రాయలేదు. నేను రెండు రాశాను. నెలకి ఒక కవరు, మూడు కాగితాలు, ఏనాడూ తప్పని మనిషి. నా మీద కోపమా? పోయినసారి వచ్చినప్పుడు తన నీలం చీర అడక్కుండా పట్టుకొచ్చేశాను. అదే అయితే తిరిగి పంపేస్తానని చెప్పండి. ఆ మాత్రం చెబితే మీ రహస్యమేం బయటపడదు.

మీ గురువు


సబ్బు ఫ్యాక్టరీ, వంట గది
జనవరి 28

గురువుగారికి,

ఎనిమిది ఉత్తరాలు. ముందు అయిపోయేవి కాగితాలు. కవర్లు రెండు మిగులుతాయి. సరేనా?

నిజం ఒప్పుకుంటాను. మొదట పది అని రాశాను. కవర్లు పదే ఉన్నాయి, కాగితాలు అంతకు రెండింతలు పైనే ఉన్నాయి కదా అనుకున్నాను. తర్వాత స్టోరు గుమాస్తా దగ్గర నిజంగానే కవర్లూ కాగితాలూ అడిగి తెచ్చి బల్ల మీద పేర్చాను. "ఎవరికన్నా శుభలేఖలు పంచుతున్నావా?" అని అడిగాడు. తొమ్మిదో కవరు దగ్గర చెయ్యి ఖాళీ అయ్యింది. అప్పుడు గాని బుర్రకెక్కలేదు. కుప్ప చూసి మోసపోయే పిల్లల్లో నన్నూ ఒకణ్ని వేసుకో.

కానీ ఒక చిక్కు. కవర్లు లెక్కపెట్టొచ్చు, నూనెని ఎలా లెక్కపెట్టను? మా దగ్గర అన్నీ కిలోలే. యాభై నాలుగు కిలోల సోడా అంటే ఎన్ని? నాలుగు వందల నలభై కిలోల నూనె అంటే ఎన్ని? ఇది తొందరగా చెప్పు. పరీక్ష దగ్గరపడుతోంది.

మీ అక్కకి నీ మీద కోపమేమీ లేదు. కోత గదిలో పని ఎక్కువగా ఉంది. నీ ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తున్నాను. చీర నిన్నే ఉంచుకోమంది, నీకే బావుంటుందట.

ఈసారి కూడా ఒక్క కాగితమే. ఏమీ అనుకోకు.

బావ


బడి, ప్రయోగశాల గది
ఫిబ్రవరి 6

బావగారికి,

స్టోరు నుంచి కవర్లు తెచ్చి పేర్చిన శిష్యుడు ఈ పదేళ్లలో నాకు దొరకలేదు. మా పిల్లలకి మీ కథ చెప్పాను. పేరు చెప్పలేదు లెండి, మా బంధువుల్లో ఒక తెలివైన పెద్దమనిషి అన్నాను. రెండు ముక్కల్లోనూ కొంచెం కొంచెం అబద్ధం ఉంది.

ఇప్పుడు మీ చిక్కు. ఇనప సామాన్ల కొట్లో మేకులు ఎవరైనా లెక్కపెట్టి ఇస్తారా? తూచి ఇస్తారు. ఒక్క మేకు బరువెంతో తెలిస్తే సంచీ తూచి అందులో ఎన్ని ఉన్నాయో చెప్పేయొచ్చు. సోడాదీ అదే దారి. అణువులు మరీ సన్నం కాబట్టి ఒక్కోటిగా లెక్కపెట్టం, కుప్పలుగా లెక్కపెడతాం. డజను అంటే పన్నెండు అయినట్టే, మోలు అంటే ఒక బ్రహ్మాండమైన సంఖ్య. ఆ సంఖ్య ఎంతో మీకు అక్కర్లేదు. ఒక్కో సరుకు ఎన్ని గ్రాములైతే ఒక మోలు అవుతుందో తెలిస్తే చాలు.

కాస్టిక్ సోడా నలభై గ్రాములైతే ఒక మోలు. మీ నూనె రకరకాల అణువుల కలగూరగంప. సగటున ఎనిమిది వందల ఎనభై గ్రాములు ఒక మోలు అనుకోండి, లెక్క దాదాపు సరిగ్గానే వస్తుంది. ఆ నలభై గ్రాముల చిటికెడులోనూ, ఎనిమిది వందల ఎనభై గ్రాముల చెంబులోనూ అణువుల సంఖ్య ఒక్కటే. నూనె అణువు లావుపాటిది, సోడా అణువు బక్కది, అంతే తేడా. కిలోలని గ్రాములు చేసి ఈ అంకెలతో భాగించండి. మోళ్లు వస్తాయి.

ఇక్కడికి రెండో కాగితం అయిపోయింది.

మూడో కాగితం అసలైనది. మోళ్లు వచ్చాక ఆగిపోకూడదు. ఒక ఉత్తరానికి మూడు కాగితాలు కావలసినట్టే, ఒక నూనె అణువుకి మూడు సోడా అణువులు కావాలి. నూనె అణువుకి మూడు చేతులుంటాయనుకోండి, ఒక్కో చేతినీ ఒక్కో సోడా పట్టుకుంటుంది. మూడూ పట్టుకుంటే మూడు సబ్బు, ఒక గ్లిజరిన్. సమీకరణం కింద పెట్టె కట్టి రాశాను. దీన్ని గోడకి అంటించుకోండి.

ఇంతకీ పరీక్ష ఏ తారీఖున? ఎవరు పెడుతున్నారు? ప్రశ్నలు ఎలా ఉంటాయి? ఇవేవీ మీరు చెప్పడం లేదు.

అక్కకి చదివి వినిపించడం ఏమిటి? చూపు మందగించిందా? కళ్లద్దాలు పెట్టించండి, నామోషీ పడొద్దని చెప్పండి. చీర నిన్నే ఉంచుకోమంది అన్నారు చూడండి, అది చదివి ఒక పూటంతా బెంగగా ఉంది. మా అక్క చీర విషయంలో అలా అనే మనిషి కాదు. నాలుగు తిట్లు తిట్టి అప్పుడు ఇస్తుంది.

మీ గురువు


సబ్బు ఫ్యాక్టరీ, వంట గది
ఫిబ్రవరి 24

అమ్మా,

పరీక్ష లేదు. గిరీక్షా లేదు. నీతో అబద్ధం చెప్పాను.

నీ రెండో కాగితం చివర ఆ రెండు అంకెలు కనిపించగానే నా చెయ్యి ఆగలేదు. అక్కడికక్కడే రిజిస్టరు అట్ట వెనక లెక్క వేశాను. నేను భయపడినట్టే అయ్యింది.

మొదటినుంచీ చెబుతాను. నవంబరు ఆఖరి వారంలో ఒక వంట వండాను. యాభై నాలుగు కిలోల సోడా తూచాక సంచీ అడుగున ఇంకా మూడు కిలోలు మిగిలింది. మళ్లీ మూతి కట్టి, చీటీ రాసి స్టోరుకి పంపాలి. ఈ మూడు కిలోలకి అంత తతంగం ఎందుకని గంగాళంలోకి వంచేశాను. రిజిస్టర్లో మాత్రం యాభై నాలుగే రాశాను. ఇరవై రెండేళ్లలో ఇలా చేయడం అదే మొదటిసారి. ఒట్టు.

ఆ సబ్బు రెండు రోజులకి కోత గదికి వెళ్లింది. పచ్చి సబ్బుని తీగతో ముక్కలు కోసి, ముద్ర వేసి, అరల మీద ఆరబెట్టే పని అక్కడి ఆడవాళ్లది. మీ అక్క ఆ గదిలోనే ఉంది కదా. వారం తిరక్కుండా వాళ్ల చేతుల మీద పొక్కులు లేచాయి. సోడా మిగిలిపోయిన సబ్బు చర్మాన్ని తినేస్తుందని ఈ పనిలో చిన్నప్పుడే నేర్పుతారు. మిగతావాళ్లవి పది రోజుల్లో మానిపోయాయి. మీ అక్కవి మానలేదు. వేళ్ల సందులు పగిలి రసి కారుతోంది. నీకు ఉత్తరం రాయకపోవడానికి కారణం కోపం కాదమ్మా, కలం పట్టుకోలేకపోతోంది. మందు రాసిన చేత్తో పట్టుకుంటే కాగితం పాడవుతుందని నన్ను చదవమంటోంది. నీకు తెలిస్తే సెలవు పెట్టి పరిగెత్తుకొస్తావని చెప్పనివ్వలేదు.

నావల్లే అని ఆమెకి తెలీదు. వంట నేనే చేస్తున్నాను. జడ నేనే వేస్తున్నాను. నా జడ చూసి కోత గదిలో అందరూ నవ్వుతున్నారట. ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన రబ్బరు తొడుగులు ఒక్క క్షణం తీయనివ్వకుండా ఇంట్లో కూడా వేయిస్తున్నాను. అయినా తగ్గదు. రోజురోజుకీ ఎక్కువవుతోంది.

ఆ వంట సబ్బంతా ఏదో ఒక సాకు చెప్పి వెనక అరల్లోనే ఉంచాను. బయటికి పోతే ఎంతమంది ఒళ్లు కాలుతుందో. పాత మేస్త్రిలా నాలుక మీద పెట్టి చూశాను. మండినట్టే ఉంది. భయపడ్డవాడి నాలుకకి ఏది పెట్టినా మండుతుందేమో అని కూడా అనిపించింది. అందుకే లెక్క కావాలనుకున్నాను. లెక్కకి భయం ఉండదు కదా.

నీ లెక్క ఇదీ. నూనె నాలుగు వందల నలభై కిలోలు, అంటే ఐదు వందల మోళ్లు. సోడా యాభై ఏడు కిలోలు, అంటే పద్నాలుగు వందల ఇరవై ఐదు మోళ్లు. నూనె ముందు అయిపోతుంది. సోడా తొమ్మిది వందల ఇరవై ఐదు మోళ్లు మిగిలిపోతుంది. కిలోల్లో ముప్పై ఏడు. మూడు కిలోలకే ఇంత కుమిలిపోతుంటే ముప్పై ఏడు కిలోలు తేలింది. ముప్పై ఏడు కిలోల నిప్పు నా పెళ్లాం చేతుల్లో పెట్టాను.

రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. ఒకటో తారీఖున మేనేజరుగారికి ఇచ్చి అంతా చెప్పేస్తాను. మీ అక్కకి ఎలా చెప్పాలో మాత్రం తెలియడం లేదు.

ఈసారి రెండు కాగితాలు నిండాయి చూడు.

బావ


బడి, ప్రయోగశాల గది
ఫిబ్రవరి 27

బావా,

మర్యాదలు తర్వాత. ఆ రాజీనామా ముందు చించేయండి. చించారా? ఇప్పుడు చదవండి. ఇది అర్జెంటు టపాలో పంపుతున్నాను, ఒకటో తారీఖుకి ముందే అందాలి.

నా మూడో కాగితం చదివారా? నిజం చెప్పండి. పెట్టె కట్టి మరీ రాశాను, గోడకి అంటించుకోమన్నాను. మీరు దాన్ని తిప్పి కూడా ఉండరు. మామగారు జన్మంతా ఒక కవరుకి మూడు కాగితాలని మొత్తుకుంటే, ఆయన అల్లుడు రెండు చదివి ఉద్యోగం మానేస్తానంటున్నాడు!

ఒక నూనె అణువుకి ఒక సోడా కాదు బావా, మూడు. నూనె ఐదు వందల మోళ్లు అయితే సోడా పదిహేను వందల మోళ్లు కావాలి. కిలోల్లో అరవై. మీరు వేసింది యాభై ఏడు. సరిపోలేదు! సోడాయే ముందు అయిపోయింది. చిట్టచివరి సోడా వరకూ సబ్బైపోయింది, ఇంకా ఇరవై ఐదు మోళ్ల నూనె దిక్కులు చూస్తూ మిగిలింది. ఇరవై రెండు కిలోల నూనె. ఆ సబ్బు ఒంటిని కాల్చదు సరికదా కాస్త మెత్తగా, నునుపుగా ఉంటుంది.

మీ మేస్త్రి కొలతతో యాభై నాలుగే వేస్తే నలభై నాలుగు కిలోల నూనె మిగిలేది. ఆయన మేస్త్రి ఎవరో గానీ మహానుభావుడు. చెయ్యి జారినా ఎవరి ఒళ్లూ కాలకుండా అంత జాగా వదిలాడు. మీరు ఆ జాగాలో సగం వాడుకున్నారు, అంతే.

ఇంకొక్క మాట. మీరు లెక్క వేసిన పద్ధతిలోనే మామూలు కొలతకి కూడా వేసి చూడాల్సింది. యాభై నాలుగు కిలోలకి ముప్పై నాలుగు కిలోల సోడా మిగిలేది. అదే నిజమైతే ఇరవై రెండేళ్లుగా మీ సబ్బు రుద్దుకున్న జనానికి ఈపాటికి ఒంటి మీద తోలు ఉండేదా? జవాబు రాగానే ఇది నమ్మదగ్గదేనా అని ఒకసారి ఆలోచించాలి. మా పిల్లలకి చెప్పేది అదే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తప్పు నాదే అని ముందే తీర్మానించుకుని లెక్కలో కూర్చున్నారు. లెక్కకి భయం ఉండదు, నిజమే. వేసేవాడికి ఉంటుంది.

గంగాళం బాగా కలిపారు కదా? సోడా ముద్దలుగా ఎక్కడా ఉండిపోలేదు కదా? అది ఒక్కటే నాకు ఇక్కణ్నుంచి కనిపించని విషయం.

సోడా కాకపోతే మరి ఏమిటి? కోత గదిలో ఎంతమంది ఉన్నారు? అందరికీ పొక్కులు వచ్చాయా? సబ్బు అందరి చేతులకీ ఒకటే కదా. ఎవరికైనా రాకపోతే వాళ్లు ఏం వేరుగా చేశారో అడగండి. నన్ను కాదు, అక్కని. రోజూ ఆ గదిలో ఉండే మనిషి మీ ఇంట్లోనే ఉంటే, ఊరు దాటి నాకు రాస్తారేమిటి? చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

మీ మీద నాకు కోపం ఉంది. అక్క చేతులు అలా ఉన్నాయని మూడు నెలలు దాచారు. నేను చీర గురించి ఏడుస్తూ కూర్చున్నాను. ఆ కోపం చేతులు మానాక తీర్చుకుంటాను. రిజిస్టరు మాత్రం దిద్దండి. సబ్బులో తప్పు లేదు గానీ అందులో రాసిన అంకెలో ఉంది.

ఇవాళే అక్కకి అంతా చెప్పండి. ఈ కాగితం మడిచే లోపు.

మీ మరదలు


ఇల్లు
మార్చి 30

టీచరమ్మకి,

ఈ ఉత్తరం ఇంటి నుంచే రాస్తున్నాను. ఇక దాపరికం లేదు.

నీ అర్జెంటు ఉత్తరం ఒకటో తారీఖు పొద్దున్నే వచ్చింది. జేబులో రాజీనామా అలాగే ఉంది. గంగాళం పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుని చదివాను. అరవై కావాలి, నేను వేసింది యాభై ఏడు. ఆ రెండు అంకెలే చాలాసేపు చూశాను. తర్వాత నీ మూడో కాగితం సొరుగులోంచి తీశాను. మడత కూడా విప్పలేదు. పెట్టె కట్టి ఉంది, అందులో మూడు అంకెకి రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆవిరి కళ్లల్లో పడిందని పక్కవాడికి చెప్పాను.

గంగాళం నాలుగు గంటలు ఉడికింది. తెడ్డు నా చేతిలోనే ఉంది. ముద్దలు లేవు. అది మాత్రం నేను ప్రమాణం చేయగలను.

సాయంత్రం మీ అక్కకి జడ వేస్తూ చెప్పాను. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేక వెనక నుంచి చెప్పాను. మూడు పాయలూ పూర్తయ్యేలోగా మొత్తం కక్కేశాను. ఆమె ఇటు తిరిగి ఏమందో తెలుసా?

"ఏమిటీ, ఇన్నాళ్లూ మీరు మింగి కూర్చున్నది ఇదా? అన్నం తినరు, నిద్దరపోరు, అడిగితే చెప్పరు. మీకేదో పెద్ద జబ్బు చేసింది, నా దగ్గర దాస్తున్నారని నేను మొక్కని దేవుడు లేడు తెలుసా!"

ఆ తర్వాత నువ్వు అడగమన్నది అడిగాను. గదిలో ఎంతమంది, ఎవరికి రాలేదు అని. మీ అక్క అందీ: "పన్నెండు మందిమి. తొడుగులు తొమ్మిది జతలే వచ్చాయి. ముగ్గురికి చాలలేదని సణుక్కుంటూ వట్టి చేతుల్తోనే కోశారు. వాళ్లకేం కాలేదు. చేతులు బంగారంలా..."

అక్కడ ఆగిపోయింది. ఇద్దరం ఆమె చేతుల వంక చూశాం. తొడుగులు వేసుకునే ఉంది.

ఆ నవంబరులోనే కొత్త రబ్బరు తొడుగులు వచ్చాయమ్మా. లోపల ఏదో తెల్లటి పొడి చల్లి ఉంది. చెమటకి తడిసి వేళ్లకి అంటుకుపోయేది. మిగతా ఎనిమిది మందీ ఉక్కపోతకి విసుగెత్తి వారానికే మూల పారేశారట. వాళ్లవి మానాయి. మీ అక్క ఒక్కతే వేసుకుంటూ వచ్చింది. ఎందుకంటే ఇంటికి రాగానే "తొడుగులు ఏవీ, తొడుగులు ఏవీ" అని ప్రాణం తీసేవాణ్ని నేను. ఆమెని కాపాడుతున్నాననుకుంటూ మూడు నెలలు నేనే మాననివ్వలేదు.

ఆ పూటే తీసి పొయ్యిలో పడేయబోతే మీ అక్క ఆపింది. డాక్టరుకి చూపించాలంది. చూపించాం. కొందరి ఒంటికి ఆ రబ్బరు పడదట, ఆ పొడి దాన్ని ఇంకా రెచ్చగొడుతుందట. పట్టీ వేసి, అవి ఇక తాకొద్దన్నాడు. నాలుగు వారాలైంది. కొత్త చర్మం వచ్చింది. లేత గులాబీ రంగులో ఉంది. పొద్దున్నే లేచి ముందు వాటినే చూస్తున్నాను.

మేనేజరుగారికి అంతా చెప్పాను, రిజిస్టరు తప్పుతో సహా. నీ లెక్క కాగితం చూపించాను. రెండుసార్లు చదివి, "సబ్బు బాగానే ఉంది, నువ్వే బాలేవు," అన్నాడు. తప్పుడు అంకె కొట్టేసి పక్కన సరైనది వేయించి సంతకం పెట్టించుకున్నాడు. ఈ సంవత్సరం అయ్యేవరకూ నా తూకం పక్కన ఇంకొకరి సంతకం ఉండాలట. ఉండనీ. సంచీ అడుగున మిగిలిందేదైనా తూచి, చీటీ రాసి వెనక్కి పంపుతున్నాను. తొడుగులు మార్పించారు. వెనక అరల్లో సబ్బు కూడా నిన్ననే బయటికి కదిలింది. ఒక బిళ్ల నాలుక మీద పెట్టుకుని చూశాను. సబ్బు రుచే. ఇంత మంచి రుచి ఏనాడూ ఎరగను.

నీ పెట్టె కట్టిన కాగితం వంట గది గోడకి అంటించాను. కొత్తగా వచ్చినవాళ్లకి నేనే చెబుతున్నాను. మూడు చేతుల నూనె అంటే నవ్వుతారు గానీ మర్చిపోరు.

నావి రెండు కాగితాలు నిండాయి. మూడోది మీ అక్క లాక్కుంది. కలం పట్టుకోవడం మొన్నటినుంచే వచ్చింది. జడ వేసుకోవడానికి మాత్రం ఇంకా వేళ్లు తిరగడం లేదట. అది నా పనే.

బావ


బుజ్జీ,

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. ఈ వేళ్లు మళ్లీ బడిలో చేరాయి. నాలుగు నెలల ఉత్తరం ఒక్క కాగితంలో ఎలా పడుతుందే?

ముందు చీర సంగతి. నిన్ను ఉంచుకోమని నేను అన్లేదు. ఆయన సొంత పైత్యం. అడక్కుండా పట్టుకుపోయినందుకు నిన్ను నాలుగు తిట్లు తిట్టాను, ఈయన వాటిని మింగేసి మంచిమాటలు రాశాడు. ఆ నాలుగూ ఇప్పుడు వేసుకో. తర్వాత ఉంచుకో.

చేతులు బావున్నాయి. నిన్న పిండి పిసికాను. ఇవాళ సూదిలో దారం ఎక్కించాను. సెలవులకి రా, చూద్దువుగాని. పరిగెత్తుకుని రానక్కర్లేదు, తీరిగ్గా రా.

మీ బావ నీ ఉత్తరాలన్నీ నా ముందు పెట్టాడు. ముందు అయిపోయేది, పని ఆగిపోయేది అదంతా చదివాను. నాకు లెక్కలు రావు గానీ ఒకటి అర్థమైంది. ఆయన నా దగ్గరా, నేను ఆయన దగ్గరా ఒక్క మాట అడిగి ఉంటే ఈ గొడవ డిసెంబరులోనే తేలిపోయేది. నాకేమో ఆయనకి జబ్బని భయం. ఆయనకేమో నా చేతులని భయం. ఇంట్లో భయానికి కొదవ లేదు, మాటకే కరువొచ్చింది. నువ్వు లేకపోతే ఇంకా ఎన్నాళ్లు అలా కూర్చునేవాళ్లమో.

కవరు నేనే అంటిస్తున్నాను, అందుకని ఒక సంగతి చెబుతాను. సూదిలో దారం ఎక్కించిన వేళ్లకి జడ వేసుకోవడం రాదా? వారం నుంచీ వస్తోంది. కానీ సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి రాగానే కాళ్లూ చేతులూ కడుక్కుని, దువ్వెన పట్టుకుని నా వెనక కూర్చుంటాడు. జడ ఇప్పటికీ వంకరే. వేస్తున్నంతసేపూ ఆ రోజు జరిగిందంతా చెబుతూనే ఉంటాడు. పంతొమ్మిదేళ్లలో ఈ మనిషి ఇన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు.

అందుకని వేళ్లు ఇంకా తిరగడం లేదని చెబుతున్నాను. మీ బావకి చెప్పకు.

అక్క